క్లోజప్ ఫోటోలకు తక్కువ ఖర్చులో ఏ కెమెరా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడి, ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు తిరగడం మొదలైతే నేను ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాను. ఆ రోజు సాయంత్రానికి "అన్నా, ఏ కెమెరా ఇది? ఎంతయింది?" అని పది మంది అడుగుతారు. అడిగేవాళ్లలో అగ్రికల్చర్ చదివే పిల్లలున్నారు, ధర్మవరంలో చీరల వ్యాపారం చేసేవాళ్లున్నారు, కర్నూలు పక్క నుంచి చేలో దొరికిన రాళ్ల కోసం అడిగేవాళ్లున్నారు. అనంతపురంలో కూర్చుని ఏళ్లుగా అవే జవాబులు ఫోన్లో చెబుతున్నాను కాబట్టి, అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి కావాల్సిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లొచ్చు. రేట్లు నెలనెలా మారుతుంటాయి కాబట్టి బడ్జెట్ లెక్కలన్నీ నా అంచనాలుగానే తీసుకోండి.

## కొనక ముందు

నా ఫోన్‌లోనే మాక్రో అని ఉంది కదా, మళ్లీ కెమెరా ఎందుకు?

మాక్రో అంటే చాలా దగ్గరి నుంచి తీయడం. ఫోన్ మాక్రోలు రెండు రకాలు. తక్కువ ధర ఫోన్లలో 2 మెగాపిక్సెల్ మాక్రో అని విడిగా ఒక చిన్న కెమెరా ఇస్తారు. దాంతో తీసిన ఫోటో ఫోన్ తెర మీదే పలచగా, రంగు లేకుండా కనిపిస్తుంది. దాన్ని వదిలేసి మెయిన్ కెమెరాలో 2ఎక్స్ పెట్టి, కొంచెం దూరం నుంచి తీసి క్రాప్ చేసుకోండి, దానికంటే బాగా వస్తుంది. రెండో రకంలో అల్ట్రావైడ్ కెమెరాకు ఆటోఫోకస్ ఉంటుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో ఇలాంటిదే, 2 సెంటీమీటర్ల దాకా దగ్గరికి పోయి తీయగలదు. ఆకు మీద మచ్చలు, పువ్వు, గొంగళి పురుగు దీంతో చక్కగా వస్తాయి.

చేలో తెగులు ఫోటో తీసి రెడ్డిపల్లి కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) వాళ్లకు చూపించడమే మీ పని అయితే ఫోన్ చాలు, రూపాయి ఖర్చు పెట్టొద్దు. ఫోన్‌తో అసలు ఇబ్బంది దూరం దగ్గర వస్తుంది. 2 సెంటీమీటర్ల దగ్గరికి పోతే మీ ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది, రెక్కలున్న పురుగైతే ఎగిరిపోతుంది. ఆ దూరం కావాలనిపించినప్పుడే కెమెరా గురించి ఆలోచించండి.

1:1 అంటారు, హాఫ్ మాక్రో అంటారు. ఏంటా లెక్క?

కెమెరా లోపల బొమ్మ పడే పలకను సెన్సర్ అంటారు. సెంటీమీటరు పొడవున్న పురుగు ఆ సెన్సర్ మీద కూడా సెంటీమీటరు పొడవుగానే పడితే అది 1:1. అర సెంటీమీటరే పడితే 1:2, అంటే హాఫ్. రెండు సెంటీమీటర్లు పడితే 2:1.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. పిల్లల స్కేలు బల్ల మీద పెట్టి, మీ లెన్స్ ఫోకస్ అయ్యేంత దగ్గరికి పోయి ఫోటో తీయండి. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరాల్లో) ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ వెడల్పు దాదాపు 23 మి.మీ. కాబట్టి ఫోటోలో అడ్డంగా 23 మి.మీ. స్కేలు మాత్రమే కనబడితే మీది 1:1. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో తీస్తే 65, 70 మి.మీ. కనిపిస్తుంది, అంటే మూడో వంతు. లెన్స్ మీద "మాక్రో" అని రాసి ఉన్నా నమ్మకుండా స్కేలు పెట్టి చూడండి. కొన్ని జూమ్ లెన్సుల మీద ఆ మాట ఉంటుంది గానీ అవి 1:1 దాకా పోవు.

నేను తీసే పురుగు సైజును బట్టి కెమెరా మారుతుందా?

కెమెరా మారదు, లెన్స్ ఏర్పాటు మారుతుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

ఆరుద్ర పురుగు సెంటీమీటరు వరకు ఉంటుంది. సీతాకోకచిలుక, మిడత, గొల్లభామ ఇంకా పెద్దవి. వీటికి హాఫ్ మాక్రో కూడా సరిపోతుంది. అక్షింతల పురుగు, చీమ, సాలీడు లాంటివాటికి 1:1 కావాలి. పేనుబంక, పచ్చదోమ రెండు మూడు మి.మీ. ఉంటాయి, వాటికి 1:1 దాటి పోవాలి.

అన్నిటికంటే కష్టం తామర పురుగు. మన జిల్లాలో దాని మీద శ్రద్ధ పెట్టడానికి కారణం ఉంది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం శెనక్కాయ చేలను ఊడ్చేసిన కాండం కుళ్ళు వైరస్‌ను మొక్కకు ఎక్కించింది ఈ తామర పురుగులే. వయ్యారిభామ పుప్పొడిలో ఉన్న వైరస్ వీటి వల్లనే శెనక్కాయకు అంటింది. అంత నష్టం చేసిన పురుగు పొడవు ఒక్క మి.మీ. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 1:1 దగ్గర తీస్తే 6000 పిక్సెళ్ల వెడల్పులో అది 250 పిక్సెళ్లు మాత్రమే ఉంటుంది. దాని అంచు ఈకల రెక్కలు కనబడాలంటే 2:1 గానీ 3:1 గానీ కావాల్సిందే. ముందు మీకు ఏ పురుగు కావాలో చెప్పండి, లెన్స్ సంగతి ఆ తర్వాత.

పది వేల లోపు ఏమైనా వస్తుందా?

కొత్త కెమెరా రాదు. ఇంట్లో ఇప్పటికే ఒక డీఎస్‌ఎల్‌ఆర్ మూలన పడి ఉంటే మాత్రం ఈ డబ్బుతో బ్రహ్మాండంగా పని జరుగుతుంది. పెళ్లికి కొని, రెండు ఫంక్షన్లకు వాడి బీరువాలో పెట్టిన కెమెరాలు మన ఊళ్లలో బోలెడు. చుట్టాల్లో ఒకసారి అడిగి చూడండి. దానికి ఒక క్లోజప్ లెన్స్ గానీ ఎక్స్‌టెన్షన్ ట్యూబులు గానీ (ఇవేంటో కింద చెప్పాను), ఒక మాన్యువల్ ఫ్లాష్ తీసుకుంటే మొదలుపెట్టొచ్చు. కెమెరా ఏదీ లేకపోతే ఫోన్‌తోనే ఆరు నెలలు తీయండి, డబ్బు దాచుకోండి.

ఇరవై అయిదు, ముప్పై వేలు పెట్టగలను. ఒక్క మాటలో ఏది కొనాలో చెప్పన్నా.

సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ (లెన్స్ లేని ఒట్టి కెమెరా), 55-250 లేదా 70-300 మి.మీ. జూమ్ లెన్స్, దాని ముందు తగిలించే రేనాక్స్ డీసీఆర్-250 అనే క్లోజప్ లెన్స్, ఒక మామూలు ఫ్లాష్. నేనైతే ఇదే కొంటాను, నా తమ్ముడికీ ఇదే కొనిపించాను.

బాడీ కెనాన్ 1300డీ, 1500డీ, 700డీ గానీ, నికాన్ డీ3300, డీ5300 గానీ ఏదైనా ఒకటే. వాటి మధ్య తేడా కోసం వారం రోజులు యూట్యూబ్ చూడక్కర్లేదు. క్లోజప్‌లో ఆటోఫోకస్ వేగం పనికిరాదు, సెకనుకు ఎన్ని ఫోటోలు అన్నదీ అంతగా పనికిరాదు. ఫోటో బాగుండేది లెన్స్ వల్ల, వెలుతురు వల్ల. చాలామంది ఉన్న డబ్బంతా బాడీ మీద పెట్టేసి, ఫ్లాష్‌కు మిగల్చకుండా వస్తారు. వాళ్ల ఫోటోలు చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే తప్పు వాళ్ల చేతిలో లేదు, కొన్న వరుసలో ఉంది.

యాభై, అరవై వేలుంటే?

అప్పుడు అసలైన మాక్రో లెన్స్ తీసుకోండి, బాడీ మాత్రం సెకండ్ హ్యాండే ఉండనివ్వండి. 90 నుంచి 105 మి.మీ. మధ్య పాత మోడల్ మాక్రో లెన్స్ ఒకటి, మంచి ఫ్లాష్ ఒకటి. మాక్రో లెన్సులు తొందరగా పాతబడవు. పదిహేనేళ్ల కిందటి లెన్స్ కూడా ఈ రోజు కొత్తదాని పక్కన నిలబడుతుంది. బాడీ మార్చినా లెన్స్ మీ దగ్గరే ఉంటుంది.

## కెమెరా, లెన్స్ ఎంచుకునేటప్పుడు

డీఎస్‌ఎల్‌ఆర్ పని అయిపోయింది, మిర్రర్‌లెస్సే కొనమంటున్నారు. నిజమేనా?

డీఎస్‌ఎల్‌ఆర్ లోపల ఉండే అద్దం లేని కెమెరానే మిర్రర్‌లెస్ అంటారు. కంపెనీలు కొత్తగా చేసేవి ఎక్కువగా మిర్రర్‌లెస్సే, అది నిజం. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ ఎక్కడ పడిందో అక్కడ అంచులు రంగుతో మెరుస్తాయి. దాన్ని ఫోకస్ పీకింగ్ అంటారు. చేత్తో ఫోకస్ చేసే క్లోజప్‌కు అది చాలా ఉపయోగం. 2014లో వచ్చిన సోనీ ఏ6000లో కూడా ఇది ఉంది, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మంచిదే.

అయితే అందరూ మిర్రర్‌లెస్ వైపు పోతున్నారు కాబట్టే డీఎస్‌ఎల్‌ఆర్‌లు, వాటి లెన్సులు చవగ్గా వస్తున్నాయి. చెయ్యి కదలకుండా ఆనించుకునే వీలుంటే డీఎస్‌ఎల్‌ఆర్‌లో లైవ్ వ్యూ పెట్టి, తెర మీద పది రెట్లు పెద్దది చేసి ఫోకస్ చూసుకోవచ్చు. తక్కువ ఖర్చే ముఖ్యమైతే డీఎస్‌ఎల్‌ఆర్ కొనడంలో తప్పేమీ లేదు.

ఫుల్ ఫ్రేమ్ లేకపోతే క్వాలిటీ రాదా?

వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ అంటే ఏపీఎస్-సీ కంటే పెద్ద సెన్సర్. చిన్న పురుగుకు ఏపీఎస్-సీ సెన్సరే నయం. అదే 1:1 దగ్గర ఫుల్ ఫ్రేమ్‌లో అడ్డంగా 36 మి.మీ. కనిపిస్తే ఇందులో 23 మి.మీ. కనిపిస్తుంది, పురుగు ఫ్రేమ్ నిండా ఉంటుంది.

మెగాపిక్సెల్స్ ఎన్ని ఉండాలి?

16 ఉన్నా చాలు, 24 ఉంటే హాయి. అంతకంటే ఎక్కువ కోసం డబ్బు పెట్టకండి.

రేనాక్స్ అంటే ఏంటి? భూతద్దం లాంటిదేనా?

పని అదే, తయారీ మాత్రం చాలా మెరుగు. మీ జూమ్ లెన్స్ ముందు క్లిప్ లాగా నొక్కి తగిలించే చిన్న అద్దాల గుత్తి ఇది. 52 నుంచి 67 మి.మీ. ఫిల్టర్ సైజున్న లెన్సులన్నిటికీ పడుతుంది. డీసీఆర్-250 పవర్ 8 డయాప్టర్లు. 250 మి.మీ. జూమ్ ముందు పెడితే 2:1 వస్తుంది, అంటే పన్నెండు మి.మీ. వెడల్పు మీ ఫ్రేమ్ నిండా. జూమ్ తగ్గిస్తే మాగ్నిఫికేషన్ తగ్గుతుంది. పురుగు నుంచి దూరం మాత్రం ఎప్పుడూ 11, 12 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. తామర పురుగు నుంచి చీమ దాకా తిప్పుకుంటూ పోవచ్చు.

దీనికంటే పవర్ తక్కువది డీసీఆర్-150, 4.8 డయాప్టర్లు. సీతాకోకచిలుకలు, పువ్వులు ఎక్కువగా తీసేవాళ్లకు అది తేలిక. కొత్తగా నేర్చుకునేవాళ్లకు 250తో ఫోకస్ దొరకక మొదటి వారం విసుగొస్తుంది. చాలామంది ఆ వారంలోనే అమ్మేస్తారు. కాస్త ఓపిక పట్టండి, రెండో వారానికి చెయ్యి అలవాటు పడుతుంది.

నాలుగు ముక్కల సెట్‌గా ప్లస్ 1, 2, 4, 10 అని అమ్మే చవక క్లోజప్ ఫిల్టర్లు వేరు. వాటిలో అంచులన్నీ ఊదారంగు గీతలతో మసగ్గా వస్తాయి. అవి కొనొద్దు.

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ మంచిదా, రివర్స్ రింగ్ మంచిదా?

ట్యూబ్ అంటే బాడీకి, లెన్స్‌కు మధ్య పెట్టే గొట్టం. లోపల అద్దం ఉండదు కాబట్టి అందులో పాడయ్యేది పెద్దగా ఏమీ లేదు. ట్యూబ్ పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసే మి.మీ. అంకెతో) భాగిస్తే పెరిగే మాగ్నిఫికేషన్ వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కు 21, 31 ట్యూబులు రెండూ పెడితే 52 మి.మీ., అంటే 1:1 దాటినట్టే. ఎలక్ట్రిక్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి. అవి లేని కొన్ని వందల రూపాయల ట్యూబులతో ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు, మార్చడం కుదరదు. దాన్నే ఎఫ్/8, ఎఫ్/16 అని రాస్తారు, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది.

రివర్స్ రింగ్ అన్నిటికంటే చవక. లెన్స్‌ను తిరగేసి బిగిస్తారు. కిట్ లెన్స్‌ను 18 మి.మీ. దగ్గర తిరగేస్తే దాదాపు మూడు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. కానీ లెన్స్‌కు, బాడీకి మధ్య కరెంటు సంబంధం తెగిపోతుంది. కెనాన్‌లో అయితే లెన్స్ మామూలుగా ఉన్నప్పుడే ఎఫ్/8 పెట్టి, డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని లెన్స్ ఊడదీస్తే ఎపర్చర్ అలాగే ఉండిపోతుంది. నికాన్ వాళ్లు ఎపర్చర్ రింగ్ ఉన్న పాత 50 మి.మీ. ఎఫ్/1.8డీ తీసుకుంటే ఏ తంటా లేదు. పురుగు మరీ దగ్గరవుతుంది, లెన్స్ వెనక అద్దం దుమ్ముకు తెరుచుకుని ఉంటుంది. ఇంట్లో బల్ల మీద తీయడానికి సరే, చేలోకి తీసుకుపోవద్దని నా మాట.

40, 60, 90, 100 మి.మీ. మాక్రో లెన్సుల్లో ఏది తీసుకోవాలి?

అన్నీ 1:1 ఇస్తాయి, తేడా దూరంలో ఉంటుంది. నికాన్ 40 మి.మీ. మాక్రోతో 1:1 తీయాలంటే లెన్స్ అంచుకు, పురుగుకు మధ్య నాలుగు సెంటీమీటర్లు కూడా మిగలదు. 90 నుంచి 105 వాటితో 10, 15 సెంటీమీటర్లు మిగులుతుంది. పురుగులకు 90 మీద ఉండేవే తీసుకోండి. నగలు, చీరలు, వంటలు తీసేవాళ్లకు 40, 60 చవగ్గా వస్తాయి, హాయిగా పని చేస్తాయి. నికాన్ తన మాక్రో లెన్సులను "మైక్రో" అని పిలుస్తుంది, వెతికేటప్పుడు ఆ మాటతో వెతకండి.

ఒలింపస్ టీజీ కెమెరాలు జేబులో పట్టేస్తాయంట. అవి కొనొచ్చా?

ఫీల్డ్ వర్క్ చేసే విద్యార్థులకు నేను ధైర్యంగా చెబుతాను. టీజీ-6 గానీ, ఓఎం సిస్టమ్ (ఒలింపస్ కెమెరాల కొత్త పేరు) పేరుతో 2023లో వచ్చిన టీజీ-7 గానీ మైక్రోస్కోప్ మోడ్‌లో 1 సెంటీమీటరు దూరం నుంచి ఫోకస్ చేస్తాయి, నీళ్లలో తడిచినా ఏం కాదు, ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ జరుపుతూ తీసిన ఫోటోలను ఒక్కటిగా కలపడం) కెమెరాలోనే చేసేస్తాయి. సెన్సర్ మాత్రం చిన్నది. మబ్బు పట్టిన రోజు, చెట్టు నీడలో ఫోటో గరుకుగా వస్తుంది. మొక్కలు, విత్తనాలు, కదలని పురుగులకు మంచిది. తూనీగల కోసమైతే వద్దు.

## సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

బెంగళూరు పోయి సెకండ్ హ్యాండ్ లెన్స్ కొందామనుకుంటున్నా. ఏం చూసుకోవాలి?

నేను మొదట కొన్న మాక్రో లెన్స్ కథ చెబుతాను. సాయంత్రం ఏడింటికి, ట్యూబ్‌లైట్ కింద, బస్సుకు టైమవుతోందన్న టెన్షన్‌లో చూశాను. పైకి గీత లేదు, కొత్తదానిలా ఉంది. ఇంటికొచ్చి పొద్దున ఫోన్ టార్చ్ వేసి వెనక నుంచి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడు లాగా సన్నని దారాలు. ఫంగస్. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. శుభ్రం చేయించడానికి లెన్స్ ధరలో మూడో వంతు అయింది.

అందుకే టార్చ్ మీ జేబులో ఉండాలి. లెన్స్ వెనక నుంచి వెలుతురు వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సన్న దుమ్ము ఉంటే పర్వాలేదు. దారాలు, పొగ పట్టినట్టు తెల్లటి పొర ఉంటే వదిలేయండి. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉండకూడదు. ఫోకస్ రింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. మీ బాడీ వెంట తీసుకుపోయి, ఎఫ్/16లో ఆకాశం గానీ తెల్లగోడ గానీ తీసి పెద్దది చేసి చూడండి. పగటిపూటే పోండి, తిరుగు బస్సు రాత్రికి పెట్టుకోండి.

షట్టర్ కౌంట్ ఎంత వరకు ఉంటే తీసుకోవచ్చు?

షట్టర్ కౌంట్ అంటే కెమెరా ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందన్న లెక్క. నికాన్ డీ3300, డీ5300 లాంటి బాడీల షట్టర్‌ను లక్ష క్లిక్కుల దాకా పరీక్షించామని కంపెనీ చెబుతుంది. ముప్పై, నలభై వేల లోపు ఉంటే నేను ఆలోచించకుండా తీసుకుంటాను. పెళ్లిళ్లు తీసిన కెమెరాలు అంతకు చాలా ఎక్కువ తిరిగి ఉంటాయి, గ్రిప్ దగ్గర రబ్బరు నున్నగా అరిగిపోవడమే దానికి గుర్తు.

## కొన్నాక, చేలో

పురుగు కన్ను బాగా వస్తే కాలు మసగ్గా వస్తోంది. కెమెరా లోపమా?

కాదు. 1:1 దగ్గర ఎఫ్/8 పెడితే స్పష్టంగా వచ్చే లోతు అర మి.మీ. కంటే కొంచెం ఎక్కువ, అంతే. చీమ తల నుంచి తోక దాకా రావడం అసాధ్యం. అందుకే అందరూ కన్ను మీద ఫోకస్ పెడతారు. చూసేవాళ్ల చూపు కంటి దగ్గర ఆగితే మిగతా మసక తప్పు అనిపించదు. పురుగు ఒళ్లంతా సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా మీరు పక్కకు జరగండి. ఎదురు నుంచి తీసిన మిడతకు, పక్క నుంచి తీసిన మిడతకు ఎంత తేడానో మీకే తెలుస్తుంది.

ఎఫ్/22 పెట్టి లోతు పెంచుదామనుకుంటారు. 1:1 దగ్గర ఎఫ్/8 పని చేసేది ఎఫ్/16 లాగా, ఎఫ్/22 పని చేసేది ఎఫ్/45 లాగా. అక్కడ ఫోటో మొత్తం మెత్తబడిపోతుంది. కదలని వస్తువైతే ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పది, ఇరవై ఫోటోలు తీసి కంప్యూటర్లో కలపండి. ఫోటోషాప్‌లో ఆటో బ్లెండ్ లేయర్స్‌తో అది అయిపోతుంది.

ఫ్లాష్ వేస్తే పురుగు మీద తెల్లటి చుక్క మెరుస్తోంది. ఫ్లాష్ లేకుండా తీయొచ్చా?

తీయొచ్చు గానీ, ఫ్లాష్‌ను మెత్తబరచడం నేర్చుకోవడమే దారి. ఎఫ్/8 దాటాక వెలుతురు చాలదు, చెయ్యి వణుకు కనబడుతుంది. ఫ్లాష్ వెలిగేది సెకనులో అతి చిన్న భాగం కాబట్టి గాలికి ఊగే కొమ్మ కూడా నిలిచిపోయినట్టు వస్తుంది.

ఆ తెల్ల చుక్క మీ ఫ్లాష్ బొమ్మే. ఫ్లాష్ చిన్నదిగా ఉంటే చుక్క చిన్నగా, గట్టిగా మెరుస్తుంది. దాన్ని పెద్దది చేయాలి. టీవీ, ఫ్రిజ్ డబ్బాల్లో చుట్టి వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీట్ తీసుకోండి. పాత పుస్తకం అట్టను గరాటా లాగా చుట్టి, లోపల వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించండి. సన్న వైపు ఫ్లాష్ తలకు రబ్బరు బ్యాండుతో బిగించి, వెడల్పు వైపు ఫోమ్ షీట్ రెండు పొరలు వేసి, అది లెన్స్ చివర మీదుగా పురుగు నెత్తి మీదికి గొడుగులా వంగేలా పెట్టండి. పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే వెలుతురు అంత మెత్తగా ఉంటుంది.

నేను ఇలా కట్టిన గరాటాతో మొదటిసారి ఆరుద్ర పురుగును తీసిన పొద్దు నాకు బాగా గుర్తు. అంతకుముందు తీసినవన్నీ ఎర్రటి ముద్దలే. ఆ రోజు మాత్రం దాని ఒంటి మీద ఒక్కొక్క నూగు విడివిడిగా నిలబడి, వెన్ను మడతల్లో నీడ లేతగా పడి, ముఖమల్ గుడ్డను వేలితో నిమిరితే వచ్చే చారలా కనబడింది. కెమెరా అదే, లెన్స్ అదే. మారింది అట్ట, ఫోమ్ మాత్రమే.

మొదలుపెట్టడానికి సెట్టింగులు చెప్పండి.

మాన్యువల్ మోడ్, షట్టర్ 1/200 సెకను, ఎఫ్/8 లేదా ఎఫ్/11, ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ ఎంత స్పందించాలన్న లెక్క) 200, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/8 పవర్. చీకటిగా వస్తే ఫ్లాష్ పెంచండి, తెల్లగా వస్తే తగ్గించండి. ఫోకస్ ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చండి. మాగ్నిఫికేషన్ ఒకచోట పెట్టేసి, ఒళ్లు ముందుకూ వెనక్కూ మెల్లగా ఊగిస్తూ కన్ను స్పష్టంగా కనబడిన క్షణంలో నొక్కండి.

ఆషాఢం గాలికి కొమ్మ ఆగడం లేదు. ఏం చేయాలి?

రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆ నెలల్లో గాలి అలాగే ఉంటుంది. ఎండ ముదరక ముందే, ఆరు నుంచి ఎనిమిది లోపల పోండి. కాడను ఎడమచేతి రెండు వేళ్లతో పట్టుకుని, అదే మణికట్టు మీద లెన్స్ ఆనించండి. అప్పుడు కొమ్మ, కెమెరా రెండూ కలిసే కదులుతాయి, ఫోకస్ తప్పదు. ట్రైపాడ్ ఇక్కడ అడ్డమే తప్ప సాయం కాదు. దాన్ని సర్దేలోపు పురుగు పక్క సాలుకు పోతుంది.

దగ్గరికి పోతే ఎగిరిపోతున్నాయి.

చల్లటి పొద్దున పురుగు ఒళ్లు వేడెక్కదు, ఎగరలేదు. మంచు పడే డిసెంబరు, జనవరి ఉదయాల్లో తూనీగలు కంది కొమ్మలకు నీటి బొట్లతో సహా అంటుకుని ఉంటాయి, మీ నీడ వాటి మీద పడకుండా వంగి పోతే చాలు. పట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లున్నారు. అలా తీసిన ఫోటో నాకు చూపించకండి.

## పురుగులు కాకుండా

ధర్మవరం పట్టుచీర జరీ, నేత దగ్గరగా చూపించాలి. ఏ కెమెరా?

ఆన్‌లైన్‌లో అమ్మడానికి మంచి ఫోన్ సరిపోతుంది. కావాల్సింది కిటికీ. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన చీర పరిచి, వెలుతురు ఒక్క పక్క నుంచే ఏటవాలుగా పడేలా మిగతా లైట్లు ఆర్పేయండి. అప్పుడు పోగు పోగుకూ సన్నని నీడ పడి నేత లేచి కనబడుతుంది. ఎదురుగా ఫ్లాష్ వేస్తే జరీ తెల్లగా కాలిపోతుంది. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుతురు రెండూ కలిపితే రంగు తప్పుతుంది, రంగు తప్పితే చీర తిరిగొస్తుంది. కేటలాగ్ అచ్చు వేయించేవాళ్లయితే సెకండ్ హ్యాండ్ బాడీ, 60 మి.మీ. మాక్రో తీసుకోండి.

వానలకు చేలో మెరిసే రాయి దొరికింది. క్లోజప్ తీస్తే వజ్రమో కాదో తెలుస్తుందా?

జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పక్క నుంచి ప్రతి ఏడూ ఈ ప్రశ్న వస్తుంది. ఫోటో చూసి ఎవరూ తేల్చలేరు, తేలుస్తామన్నవాళ్లను నమ్మొద్దు. ఫోటోలో ఆకారం మాత్రం తెలుస్తుంది. వజ్రం తరచుగా రెండు పిరమిడ్లు అడుగులు కలిపినట్టు ఎనిమిది ముఖాలతో ఉంటుంది, పలుగురాయి స్ఫటికం ఆరు పలకల కడ్డీలా ఉంటుంది. నల్లగుడ్డ మీద పెట్టి, పక్క నుంచి ఒక్క లైటు వేసి తీస్తే ముఖాలు బాగా కనిపిస్తాయి. ఆ తర్వాత రాళ్లు పరీక్షించే పరికరాలున్న చోట, మీ కళ్లముందే చూపించుకోండి. రాయి ఎవరి చేతికీ ఇచ్చి రాకండి.

అడవిలోకి పోయి గుత్తి సాలీడును తీయాలని ఉంది.

ఆ నీలిరంగు సాలీడుకు మన గుత్తి పేరే పెట్టారు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిందాన్ని చూసి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. అది బతికేది నల్లమల వైపు అడవిలో, చెట్టు తొర్రల్లో. ప్రకృతి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టింది. పెంచుకోవడానికి దాన్ని పట్టి అమ్మేవాళ్లున్నారు. కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా పోవద్దు, ఒకవేళ కనబడినా తొర్ర కదిలించొద్దు, ఫోటోతో పాటు చోటు పేరు బయట పెట్టొద్దు. ఫోన్ ఫోటోల్లో లొకేషన్ దానంతటదే నమోదవుతుంది, పంపే ముందు తీసేయండి.

మొదటి ఏడాదికి మీ పెరట్లోని మునగచెట్టే చాలు. గెంతే సాలీళ్లు గోడల మీదే ఉంటాయి, వాటి ముందరి రెండు పెద్ద కళ్లు ఫ్రేమ్‌లోకి వస్తే అడవి గుర్తుకు రాదు.

మన దుమ్ముకు, ఎండకు కెమెరా ఎలా కాపాడుకోవాలి?

చేలో లెన్స్ మార్చొద్దు. తప్పనిసరైతే గాలికి వీపు పెట్టి, బాడీ నోరు కిందికి ఉంచి మార్చండి. ఎఫ్/11లో తీసేవాళ్లకు సెన్సర్ మీద రవ్వంత దుమ్ము కూడా మచ్చలా కనిపిస్తుంది. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఊదొద్దు, చొక్కా అంచుతో తుడవొద్దు. ఎండాకాలం బైక్ డిక్కీలో, కారులో వదిలేయకండి.

వానాకాలంలో మాత్రం ఫంగస్ భయం ఉంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు, అంతే ఖర్చు. రంగు మారే సిలికా జెల్ అయితే తేమ పట్టినప్పుడు తెలిసిపోతుంది, మళ్లీ వేడి చేసి వాడుకోవచ్చు. వాడని కెమెరాకే ఫంగస్ తొందరగా పడుతుంది. కనీసం పదిహేను రోజులకోసారి తీసి, వెలుతురులో కాసేపు పెట్టి, పెరట్లో ఒక చీమనైనా తీసి రండి.